ఆంప్ కొనే ముందు కారు దగ్గర ఎంత కరెంటు మిగులుతుందో చూసుకోండి

కారులో సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకరు) పెట్టించాలనుకునే వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎన్ని వాట్ల ఆంప్ తీసుకోవాలి" అని. ఆంప్ అంటే ఆ స్పీకరుని నడిపే ఆంప్లిఫయర్. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాను అన్నీ నడుస్తూ, బండి సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఆగి ఉన్నప్పుడు మీ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) దగ్గర ఇంకా ఎంత కరెంటు మిగులుతోంది? అది తెలియకుండా ఆంప్ బిగిస్తే బేస్ కొట్టినప్పుడల్లా లైట్లు డిమ్ అవుతాయి, ఆంప్ మధ్యలో ఆగిపోతుంది, ఏడాది తిరక్కుండానే బ్యాటరీ పోతుంది. నింద మాత్రం ఆంప్ కంపెనీ మీదో, బ్యాటరీ అమ్మిన షాపు మీదో పడుతుంది.

ముందు ఆంప్ అసలు ఎంత లాగుతుందో చూద్దాం. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 2000 వాట్లు, 3000 వాట్లు అనే అంకెల్ని పక్కన పెట్టేయండి. అవి పీక్, అంటే క్షణకాలపు లెక్కలు, వాటితో మనకు పనిలేదు. మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్, ఎంత అని రాశారో అదే అసలు అంకె. మాన్యువల్ దొరకకపోతే ఆంప్ పక్కన గుచ్చి ఉండే ఫ్యూజు చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంటే లోపలికి వెళ్లగలిగేది 30 ఇంటూ 13.8 (ఇంజిన్ నడుస్తున్నప్పటి వోల్టేజి), అంటే 414 వాట్లు. క్లాస్ ఏబీ రకం ఆంప్ అందులో సుమారు సగాన్నే స్పీకరుకి పంపుతుంది, మిగతాదంతా వేడి. క్లాస్ డీ రకం అయితే 80 శాతం దాకా పంపుతుంది. కాబట్టి దాని నుంచి 200 వాట్లు, మహా అయితే 330 వాట్లు వస్తాయి. డబ్బా మీద ఏం రాసి ఉన్నా అంతే.

ఇదే లెక్క తిరగేసి చూడండి. మీకు 500 వాట్ల ఆర్‌ఎంఎస్ కావాలి, క్లాస్ డీ తీసుకుంటున్నారు. 500ని 0.8తో భాగిస్తే 625 వాట్లు, దాన్ని 13.8 వోల్టులతో భాగిస్తే దాదాపు 45 ఆంపియర్లు. అదే పవర్ క్లాస్ ఏబీలో కావాలంటే 72 ఆంపియర్ల దాకా పోతుంది. అందుకే చిన్న కార్లలో సబ్‌వూఫర్‌కి క్లాస్ ఏబీ ఆంప్ వద్దని నేను గట్టిగా చెప్తాను, సెకండ్ హ్యాండ్‌లో ఎంత చవగ్గా వచ్చినా సరే. ఇంకో సంగతి, ఆంప్ తట్టుకుంటుంది కదా అని 4 ఓముల సబ్‌ని 2 ఓములకు మారిస్తే పవర్ దాదాపు రెట్టింపవుతుంది, లాగే కరెంటూ దాంతోపాటే పెరుగుతుంది.

అయితే ఆ 45 ఆంపియర్లు నిరంతరం లాగే కరెంటు కాదు. మామూలు సినిమా పాటల్లో సగటున మూడో వంతు, అంటే 15 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. బీట్ పడిన క్షణంలో కావాల్సింది బ్యాటరీ ఇస్తుంది, బీట్‌కీ బీట్‌కీ మధ్య ఆల్టర్నేటర్ దాన్ని మళ్లీ నింపుతుంది. బేస్ ఆగకుండా మోగే డీజే మిక్సులు వినే వాళ్లయితే సగటు సగం దాకా పోతుందని లెక్కేసుకోండి. వైరు, ఫ్యూజు ఎంచుకోవడానికి 45 చూడాలి, ఆల్టర్నేటర్ సరిపోతుందో లేదో తేల్చడానికి సగటు చూడాలి. ఈ రెండిటినీ కలగలిపేయడం వల్లే "500 వాట్లకు పెద్ద ఆల్టర్నేటర్ తప్పనిసరి" అనే మాట ఒకవైపు, "ఏమీ మార్చక్కర్లేదు" అనే మాట ఇంకోవైపు వినిపిస్తుంటాయి.

ఇక కారు సంగతి. ఆల్టర్నేటర్ మీద స్టిక్కరో, బాడీ మీద చెక్కిన అంకెలో ఉంటాయి, 75ఏ, 90ఏ అని. ఆ అంకె ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పటిది. ఐడిల్‌లో అందులో సగం వస్తే గొప్ప, మే నెలలో మధ్యాహ్నం బానెట్ కింద వేడికి అది ఇంకా తగ్గుతుంది. 75 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఐడిల్‌లో 35 నుంచి 40 ఇస్తోందనుకోండి. రెండు హాలోజన్ హెడ్‌లైట్లకు 8 ఆంపియర్లు, ఏసీ బ్లోయర్ ఫుల్‌లో పెడితే 10 పైనే, రేడియేటర్ ఫ్యానుకి ఇంకో 10 పైనే, ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ కలిపి మరో 10. కూడి చూస్తే మీ ఆంప్‌కి దాదాపు ఏమీ మిగల్లేదు. హైవే మీద అదే బండిలో 30 ఆంపియర్లు మిగలొచ్చు. అందుకే ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్రహ్మాండంగా మోగిన సిస్టమ్ అమీర్‌పేట ట్రాఫిక్‌లోకి రాగానే నీరసపడుతుంది.

లెక్కలతో ఆగకుండా కొలవండి. మామూలు మల్టీమీటర్ చాలు, డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టాలి. ముందు బ్యాటరీ పరిస్థితి తెలియాలి కాబట్టి, రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక పొద్దున్నే స్టార్ట్ చేయకముందు టెర్మినల్స్ మీద చూడండి. 12.6 ఉంటే ఫుల్ ఛార్జి ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది. అలాంటప్పుడు ఒకసారి బాగా ఛార్జి చేసి మళ్లీ చూడండి, అప్పుడూ నిలవకపోతే ఆంప్ ఆలోచన ఆపి ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఐడిల్‌లోనే ఏసీ బ్లోయర్ ఫుల్, హై బీమ్, వైపర్లు, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి మీటర్ బ్యాటరీ మీదే ఉంచండి. వెంటనే తీసేయకండి, రేడియేటర్ ఫ్యాను తిరిగే దాకా ఆగండి. ఫ్యాను మొదలైన క్షణంలో 14.1 ఉన్న అంకె 13.4కి పడి, రెండు మూడు సెకన్లలో తిరిగి 13.8 దగ్గర కుదురుకుంటే మీ బండిలో మిగులు ఉంది. 13 దగ్గరే ఉండిపోతే సరిగ్గా సరిపోతోంది, అంతే. 12.6, ఇంకా కిందికి జారిపోతుంటే ఆంప్ లేకుండానే బ్యాటరీ ఖర్చవుతోంది. ఆల్టర్నేటర్‌ని, బెల్టుని చూపించండి.

క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, కానీ ఇళ్లల్లో వైరింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండే మామూలు రకం ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటునే కొలుస్తుంది. కారులో ఉండే డీసీ కూడా కొలిచేది కావాలి. దాన్ని జీరో చేసి, బ్యాటరీ పాజిటివ్‌కి వచ్చే వైర్లన్నిటి చుట్టూ కలిపి తగిలిస్తే కరెంటు బ్యాటరీలోకి వెళ్తోందా, బయటికి వస్తోందా అన్నది ప్లస్, మైనస్ గుర్తుతో చెప్పేస్తుంది.

నా ఉద్దేశంలో 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీతో వచ్చే చిన్న పెట్రోల్ కారుకి ఏమీ మార్చకుండా 300, 400 వాట్ల ఆర్‌ఎంఎస్ క్లాస్ డీ ఆంప్ హాయిగా సరిపోతుంది. అంత చిన్న క్యాబిన్‌లో అది తక్కువ సౌండేమీ కాదు. 600 దాకా వెళ్లాలంటే మంచి వైరింగ్ చేయించుకోవాలి, ఐడిల్‌లో వాల్యూమ్ తగ్గించుకోవాలి. ఆపైన అయితే ఆల్టర్నేటర్ మార్చక తప్పదు.

వైరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. హ్యాచ్‌బ్యాక్‌లో బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు పడుతుంది. 8 గేజి రాగి వైరు, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 50 ఆంపియర్ల దగ్గర దారిలోనే అర వోల్టు పోతుంది. 4 గేజిలో, అంటే 21 చదరపు మిల్లీమీటర్లలో అది 0.2కి తగ్గుతుంది. ఇది నిఖార్సైన రాగి లెక్క. కిట్లలో చవగ్గా వచ్చేది సీసీఏ, అల్యూమినియం మీద రాగి పూత. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదే వాడాల్సి వస్తే రెండు గేజిలు లావుది తీసుకోండి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది ఆంప్‌ని కాదు, వైరుని. ఫ్యూజు డిక్కీలో పెట్టి, మధ్యలో ఎక్కడో సీటు కింద వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ శక్తంతా ఆ చోటే కాలుస్తుంది. 45 ఆంపియర్ల ఆంప్‌కి 4 గేజి వైరు మీద 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో మీరే వంగి చూడండి, చాలా చోట్ల దాన్ని వదిలేస్తారు.

ఎర్త్ వైరు, అంటే ఆంప్ నుంచి కారు బాడీకి వెళ్లేది, కూడా అదే లావు ఉండాలి, అర మీటరు లోపు ఉండాలి. పెయింటు గీకి ఇనుము మెరిసేలా చేసి, వైరు కొసకు లగ్గు క్రింప్ చేసి బోల్టు వేయాలి. సీటు బెల్టు బోల్టుని దీనికి వాడనివ్వకండి. పాతబడిన కార్లలో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే మూడు వైర్లకు తోడుగా లావు వైర్లు వేయిస్తే లైట్లు డిమ్ అవ్వడం చాలావరకు తగ్గుతుంది. ఖర్చుకి తగ్గ ఫలితం దీనిలోనే ఎక్కువ.

కెపాసిటర్ (కొంచెం కరెంటు దాచుకుని ఒక్కసారిగా ఇచ్చేది) పెట్టించమని చెప్పేవాళ్లు ఉంటారు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి పడేలోగా ఇచ్చేది 26 జౌళ్లు, 500 వాట్లకు అది సెకనులో ఇరవయ్యో వంతు వస్తుంది. ఆ డబ్బుతో మంచి వైరు కొనండి. రెండో బ్యాటరీ ఇంజిన్ ఆపి వినేవాళ్లకు పనికొస్తుంది గానీ, దాన్నీ నింపాల్సింది ఆ ఆల్టర్నేటరే.

కొత్త కార్లలో ఇంకో జాగ్రత్త ఉంది. చాలావాటిలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదే చిన్న సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోకి, బయటికి వెళ్లే కరెంటుని అది లెక్కపెడుతుంది. ఆంప్ ఎర్త్‌ని నేరుగా టెర్మినల్ బోల్టుకి తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వాలి. ఈ కార్లలో ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, దారిలో 12.7 కనిపించినంత మాత్రాన పాడైనట్టు కాదు. స్టార్ట్-స్టాప్ ఉన్న బండిలో బ్యాటరీ మార్చాల్సి వస్తే వచ్చిన రకమే, అంటే ఈఎఫ్‌బీ అయితే ఈఎఫ్‌బీ, ఏజీఎం అయితే ఏజీఎం వేయించండి. ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు, 12 వోల్టుల బ్యాటరీని డీసీ-డీసీ కన్వర్టర్ నింపుతుంది. ఆంప్ ఆ 12 వోల్టుల వైపే ఉండాలి, హై వోల్టేజి ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి.

రిమోట్ వైరు, అంటే స్టీరియోతో పాటే ఆంప్‌ని ఆన్, ఆఫ్ చేసేది, స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్నదానికే ఇప్పించండి. పని తొందరగా అయిపోతుందని ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుకి కలిపితే ఆంప్ రాత్రంతా ఆన్‌లోనే ఉంటుంది. ఒక్క ఆంపియర్ చొప్పున తిన్నా 35 ఏహెచ్ బ్యాటరీ వీకెండ్ దాటదు.

అంతా అయ్యాక చివరి పరీక్ష ఇది. చీకటి పడ్డాక, ఐడిల్‌లో, ఏసీ, హెడ్‌లైట్లు వేసి మీరు వినే వాటిలో బేస్ ఎక్కువున్న పాట పెట్టండి. ఒక మీటర్ బ్యాటరీ మీద, ఇంకోటి ఆంప్ టెర్మినల్స్ మీద ఉంచండి. ఒక్కటే ఉంటే అదే పాటని రెండుసార్లు వినాలి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి ఆంప్ దగ్గర 12.3కి పడుతుంటే లోపం దారిలో ఉంది. అప్పుడు బ్యాటరీ నెగటివ్‌కి ఒక పొడుగు వైరు కట్టి డిక్కీ దాకా లాక్కొచ్చి, ఆ కొసకూ ఆంప్ ఎర్త్‌కూ మధ్య కొలవండి. 0.2 దాటితే ఎర్త్ బోల్టు మళ్లీ విప్పి గీకాలి, దాటకపోతే పాజిటివ్ వైపు ఫ్యూజు హోల్డర్, లగ్గులు చూడాలి. రెండు చోట్లా కలిసి 12 దగ్గరికి పడుతుంటే వైరింగ్ బాగానే ఉంది, ఆల్టర్నేటరే చాలడం లేదు. మీటర్ 12.5 పైన నిలబడే దాకా ఆంప్ మీదుండే గెయిన్ నాబ్ తగ్గించుకుంటూ రండి. వారం పది రోజులు బండి తిరిగాక లగ్గుల బోల్టులన్నీ ఇంకోసారి బిగించండి, కొత్తగా వేసినవి కొంచెం వదులవుతాయి.