ఎన్నికలతో మాటలు తెగిపోయిన స్నేహితులను మళ్లీ కలపడం ఎలా?

ఒడిశాలోని బరంపురంలో మా వీధి చివర ఒక కల్వర్టు ఉంది. సాయంత్రం ఆరయ్యేసరికి దాని గట్టు మీద ఎనిమిది మంది కుర్రాళ్లు చేరేవారు. కొందరు తెలుగిళ్ల పిల్లలు, కొందరు ఒడియా ఇళ్ల పిల్లలు. అందరూ ఏదో ఒక ఏడాది నా దగ్గర లెక్కల ట్యూషన్‌కు వచ్చినవాళ్లే. 2024 జూన్ 4న లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ రాత్రి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకడు "మీ ఆంధ్రాకు పోండి" అని పెట్టాడు. ఇంకొకడు దానికి రాయకూడని జవాబు రాశాడు. తెల్లారేసరికి నలుగురు గ్రూపులోంచి వెళ్లిపోయారు, గట్టు ఖాళీ అయింది.

వాళ్లను మళ్లీ కూర్చోబెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. రాష్ట్రాల సరిహద్దులోని ఇచ్ఛాపురానికి అటైనా ఇటైనా మీ వీధిలో ఇలాంటిది జరిగి ఉంటే, నాకు పనికొచ్చిన దారి ఇది.

మొదట: ఒక్కొక్కరి దగ్గరికి విడిగా వెళ్లండి

నేను చేసిన తప్పు ఇక్కడే. మూడో రోజునే అందరినీ టీకి పిలిచాను. గ్లాసులు ఖాళీ కాకముందే గొంతులు లేచాయి, ఇద్దరు లేచి వెళ్లిపోయారు. కనీసం రెండు వారాలు ఆగండి. తర్వాత ఫోన్ చేయకుండా ఇంటికే వెళ్లండి. "ఏట్రా, మాటాడవేటి?" అని అడిగితే చాలు, వాడే మొదలుపెడతాడు.

అప్పుడు వినాల్సింది ఒక్కటే, అసలు నొప్పి ఎక్కడుంది అని. సరిహద్దు కుర్రాడి ఫోన్‌లో రెండు రాష్ట్రాల ఎన్నికలు ఉంటాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అంతా ఓటేసింది, మన బరంపురమూ ఆ రోజే ఓటేసింది. శ్రీకాకుళంలో ఉన్న మేనమామతో పడ్డ గొడవ తాలూకు కోపం ఇక్కడి స్నేహితుడి మీద తీర్చుకున్నవాడిని నేను చూశాను. ముందు ఆ రెండింటినీ విడదీయండి.

పార్టీ ఓడిపోయిన బాధ పది రోజుల్లో పోతుంది. "నువ్వు ఈ ఊరివాడివి కావు" అన్న మాట పోదు. ఒడిశా ప్రచారంలో 'ఒడియా అస్మిత', అంటే ఒడియా ఆత్మగౌరవం, పెద్ద నినాదం. తమిళనాట పుట్టిన మాజీ ఐఏఎస్ అధికారి వి.కె. పాండియన్‌కు అప్పటి పాలక పార్టీ బీజేడీలో (బిజూ జనతా దళ్) ఉన్న పట్టు మీద ఆ వాదన నడిచింది. అది ఒక నాయకుడి గురించిన వాదనే కావచ్చు. కానీ తాతల కాలం నుంచీ ఇక్కడే మగ్గం నేసిన ఇంట్లోని తెలుగు కుర్రాడు 'బయటివాడు' అన్న మాట విన్న ప్రతిసారీ తనవైపే చూసుకున్నాడు. అలాగే తన భాషకు సొంత రాష్ట్రంలోనే గౌరవం తగ్గుతోందని ఒడియా కుర్రాడు నిజంగానే బాధపడ్డాడు. ఈ రెండూ నిజమైన నొప్పులే. ఒకదాన్ని తక్కువ చేసి మాట్లాడారా, ఆ ఇంట్లో మీకు ఇక మాట దక్కదు.

తర్వాత: గెలిచినవాడిని ముందు పంపండి

ఓడినవాడు ముందుగా వస్తే తలవంచినట్టు అనుకుంటాడు. గెలిచిన పార్టీకి ఓటేసినవాడు వెళ్లి గుమ్మంలో నిలబడాలి. క్షమాపణ అంటూ పెద్ద మాటలేమీ అక్కర్లేదు.

కూర్చునే చోటు ఎవరి ఇల్లూ కాకూడదు, గుడి మండపమూ పార్టీ ఆఫీసూ అసలే వద్దు. పగటిపూట పెట్టండి, ఆడపిల్లలు కూడా రాగలుగుతారు. వాళ్లకూ ఓటుంది, అభిప్రాయమూ ఉంది. మాట తెలుగూ ఒడియా కలిపి సాగనివ్వండి. ఎవరికీ అర్థం కాకుండా పక్కవాడి చెవిలో సొంత భాషలో గొణగడం మాత్రం ఒప్పుకోవద్దు. రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్రలో అందరూ కలుస్తారులే అని ఊరుకోకండి. యాత్ర జనంలో పక్కపక్కన నడిచి కూడా పలకరించుకోనివాళ్లు ఉంటారు.

కూర్చున్నాక: అంకెలు ముందు పెట్టండి

నేను లెక్కల మాస్టారిని, అందుకే నాకు ఇదే తోచింది. ఒక కాగితం మీద రాసి మధ్యలో పెట్టాను. అసెంబ్లీలో 147 స్థానాలు: బీజేపీ 78, బీజేడీ 51, కాంగ్రెస్ 14. ఇరవై నాలుగేళ్ల నవీన్ పట్నాయక్ ప్రభుత్వం దిగిపోయింది. దాని కింద ఓట్ల శాతం రాశాను. రెండు పెద్ద పార్టీలకూ అసెంబ్లీ ఓట్లు 40 శాతం దగ్గరే, బీజేడీకే వెంట్రుకవాసి ఎక్కువ. లోక్‌సభకు వచ్చేసరికి 21లో బీజేపీకి 20, కాంగ్రెస్‌కు 1, బీజేడీకి సున్నా. అదే రోజు, అదే బూత్‌లో, అవే వేళ్లు రెండు మీటలు రెండు రకాలుగా నొక్కాయన్నమాట. "మరి ఊరంతా మావైపే అన్నావు కదరా?" అని ఒకడు అడిగాడు. రెండోవాడు కాగితం తనవైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

మీ బూత్ లెక్క కావాలంటే ఫారం 20లో దొరుకుతుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. దాన్ని పట్టుకుని ఎవరు ఎవరికి వేశారో ఆరా తీయడం మాత్రం వద్దు. ఓటు రహస్యం.

'దేశద్రోహి' అనే మాట వస్తే మాత్రం వెంటనే ఆపాలి. నేను మా ఊరి కథే చెప్పాను. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఎదురుగా స్వతంత్రుడిగా నిలబడింది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువాళ్లే. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గాని గిరి గెలుపు తేలలేదు. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. అంత రగడలో ఓడిన సంజీవరెడ్డే 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎదుటి పక్షానికి ఓటేసినవాళ్లను దేశానికి శత్రువులని అప్పుడు ముద్ర వేసి ఉంటే, ఎనిమిదేళ్ల తర్వాత ఆ దారి తెరుచుకునేదా?

వెంటనే: ఒక పని చేతిలో పెట్టండి

ఉత్త మాటలతో వదిలేస్తే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. ఏ పార్టీదీ కాని పని కావాలి. మేం ఎంచుకున్నది కొత్త ఓటర్ల నమోదు. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీకి 18 నిండినా ఫారం 6 పెట్టుకోవచ్చు. పదిహేడు దాటినవాళ్లు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. వయసుకూ చిరునామాకూ రుజువులు, ఒక ఫొటో ఉంటే బీఎల్ఓకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వొచ్చు, లేదా ఎన్నికల సంఘం యాప్‌లో పంపొచ్చు. ఇద్దరిద్దరిని జట్టు చేసి ఇళ్లకు పంపండి. ఒక్కో జట్టులో చెరో పక్షం వాడు ఉండాలి.

వాట్సాప్ గ్రూపును మాత్రం వెంటనే తిరిగి తెరవకండి. మేం మూడో నెలలో తెరిచాం, ఫార్వర్డులు పెట్టకూడదన్న షరతుతో.

మా దగ్గర మొదటి ఫారం ఒక తెలుగు పిల్లది. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. దాంతో వాళ్లన్న తల పట్టుకున్నాడు. ఆ రాత్రి "ఆంధ్రాకు పోండి" అని రాసిన కుర్రాడే పెన్ను తీసుకున్నాడు. ఇంటిపేరు ఏది, అసలు పేరు ఏది అని రెండుసార్లు అడిగి తెలుసుకుని, ఒడియా అక్షరాల్లో ఒక్కో గడీ నెమ్మదిగా నింపాడు. చివర్లో ఆ పిల్లకు చూపించి, "పేరు సరిగ్గా పడిందా చెల్లీ?" అని తెలుగులోనే అడిగాడు.