చెరువు పక్క వీధి: కొత్త రోడ్డు, కొత్త డ్రెయిన్, అయినా నీళ్లు ఎందుకు నిలుస్తాయి?

"రోడ్డు కొత్తది, డ్రెయిన్ కొత్తది, మొదటి వానకే మోకాలి లోతు నీళ్లు" అంటూ ఎవరు పిలిచినా నేను ముందు అడిగేది ఒకటే. వాన పడుతుండగా, డ్రెయిన్ చెరువులో కలిసే చోటికి వెళ్లి చూశారా? చూసి ఉండరు. వీధికి ఫొటోలు తీస్తారు, ఎండాకాలంలో లెవెల్స్ (ఎత్తుల కొలతలు) తీస్తారు, అంచనా రాసేస్తారు. గొడుగు పట్టుకుని చెరువు గట్టు దాకా నడవడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

వాన వెలిసి గంటైనా నీళ్లు కదలవు

ముందు రోడ్డు నీళ్లు డ్రెయిన్‌లోకి దిగే చోట ఉండే జాలీ ఎత్తండి. ఆకులు, కవర్లు, పాత పనిలో వదిలేసిన కాంక్రీటు ముద్ద, ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. తీసి నాలుగు బకెట్ల నీళ్లు పోయండి, గబగబా లాగేస్తే పని అయిపోయినట్టే. ఈ పది నిమిషాల పని మానేసి పైపు మార్చాలని తీర్మానాలు చేసినవాళ్లను చాలామందిని చూశాను.

నడి రోడ్డులో మడుగులు

వాలు లేదు. తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు కావాలి. పాత రోడ్డును గీకకుండా పొర మీద పొర పోస్తూ పోతే ఆ వాలు చెడుతుంది, ఎత్తూ పెరుగుతుంది. పొరకు 5 సెంటీమీటర్లు వేసుకున్నా మూడో పొరకల్లా రోడ్డు అంచున ఉండే 15 సెంటీమీటర్ల కర్బు రాయి రోడ్డులో కలిసిపోతుంది. ఇక నీళ్లకు దారి జాలీ కాదు, ఇళ్ల గడపలు. మిల్లింగ్ చేయించి, అంటే పాత తారును గీకించి, పాత ఎత్తుకే వేయించండి.

జాలీ శుభ్రం, వాలు సరిగ్గానే ఉంది, అయినా నీళ్లు పోవు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక వీధిలో 300 మిల్లీమీటర్ల పైపు చాలడం లేదని తీయించి 450 వేయించాను. లెవెల్స్ తీసిన రోజున చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది, పైపు మూతి బురదకు అడుగు ఎత్తున పొడిగా కనిపించింది. మొదటి పెద్ద వానకు వీధి మళ్లీ మునిగింది. మ్యాన్‌హోల్ మూత ఎత్తి ఒక ఎండుటాకు వేశాను. అది చెరువు వైపు పోవాలి కదా, మెల్లగా తిరిగి వీధి వైపు వచ్చింది. నీళ్ల మీద చెరువు నాచు తేలుతోంది. వీధి నీళ్లు చెరువులోకి పోవడం కాదు, చెరువే పైపులోంచి వీధిలోకి వస్తోంది.

సంగతి ఇది. పైపు మూతి చెరువు నీళ్లలో మునిగాక పైపు వాలుతో పెద్దగా పని లేదు. జాలీ దగ్గరి నీటి ఎత్తుకూ చెరువు మట్టానికీ ఉన్న తేడాయే నీళ్లను తోస్తుంది. చెరువు నిండినప్పుడు జాలీ దాని కంటే 60 సెంటీమీటర్లు ఎత్తున ఉందనుకోండి. అలుగు (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టు) మీద 40 సెంటీమీటర్ల మందాన నీళ్లు పారితే మిగిలేది 20. తేడా మూడో వంతుకు పడిపోతే, నిండుగా పారే పైపు మోసే నీళ్లు దాదాపు 58 శాతానికి తగ్గుతాయి. చెరువు ఇంకో 20 పెరిగిందా, సున్నా. అప్పుడు 450 వేసినా 900 వేసినా ఒకటే. పైగా నిలవ నీళ్లలో ఇసుక, మట్టి అడుగున దిగిపోయి పైపు లోపల్నుంచే పూడుకుపోతుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చెరువు గేజీకి (నీటి మట్టం చూపే కొలబద్దకు) సున్నా తూము గడప దగ్గర ఉండొచ్చు, రోడ్డు డ్రాయింగులో ఎవరో ఒక అరుగు ఎత్తును 100.00 మీటర్లు అనుకుని మొదలుపెట్టి ఉండొచ్చు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని "అర మీటరు తేడా ఉంది, చాలు" అనుకుంటే మొదటికే మోసం. అలుగు నెత్తి, పైపు మూతి అడుగు, వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉన్న జాలీ, ఆ పల్లంలోని గడప: ఈ నాలుగింటినీ ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తులు కొలవడం మొదలుపెట్టే స్థిరమైన గుర్తు) నుంచి, ఒకే రోజు తీయించండి. లెక్కకు చెరువు నిండు మట్టం చాలదు, అలుగు మీద పారే నీళ్ల మందం కూడా కలపాలి.

పరిష్కారం అలుగు దగ్గర మొదలుపెట్టండి. అక్కడ చెత్తో, ఎవరో పేర్చిన ఇసుక బస్తాలో అడ్డుంటే తీయించడానికి చెరువు ఎవరి అధీనంలో ఉందో వాళ్లతో మాట్లాడండి. తర్వాత మెరక వీధుల నీళ్లను పల్లానికి రానివ్వకుండా వేరే దారిన చెరువుకు చేర్చండి. వాటికి ఎత్తు ఉంది, పోగలవు. పల్లపు వీధి తన నీళ్లు మాత్రమే చూసుకుంటుంది. మూతికి ఫ్లాప్ వాల్వ్ (బయటి వైపుకే తెరుచుకునే తలుపు) పెడితే చెరువు వెనక్కి రాదు, కానీ తలుపు మూసుకున్నంతసేపు వీధి నీళ్లూ బయటికి పోవు, అవి ఆగడానికి పక్కన లోతు తక్కువ పచ్చిక కాలువో గుంటో ఉండాలి. చిన్న పుల్ల ఇరుక్కున్నా ఆ తలుపు మూసుకోదు, వానల ముందు చూసుకోవాలి. ఇంకుడు గుంతలంటారా? వానాకాలంలో ఒక మీటరు తవ్వి చూడండి. చెరువు పక్కన చాలాచోట్ల గుంత తనంతట తానే నిండుతుంది, దానిలోకి ఇంకేం ఇంకుతుంది? రోడ్డు ఎత్తు పెంచడం నీళ్లను ఇళ్లలోకి తోయడమే. పంపు చివరి మాట.

ఏడాదికే మొసలి చర్మంలా పగుళ్లు

తారును తిట్టకండి. అడుగున నేల నానుతోంది. బండి వెళ్లినప్పుడు పగుళ్లలోంచి సన్నటి బురద నీళ్లు చిమ్ముతుంటే అనుమానమే అక్కర్లేదు. చెరువు వైపు అంచున కందకం తీసి, జియోటెక్స్‌టైల్ (నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టిన కంకరలో చిల్లుల పైపు వేసి, ఆ నీళ్లు బయటపడే దారి చూపించండి. దాని మూతి కూడా చెరువు మట్టానికి పైనే ఉండాలి, లేకపోతే మళ్లీ అదే కథ. ఆ దారి లేకుండా పైన పొర వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే.

పని అయ్యాక చెరువు కంపు కొడుతోంది

వాన లేని రోజు పొద్దున్నే వాననీటి పైపు మూతి చూడండి. నీళ్లు పారుతున్నాయంటే ఎవరో మురుగు కలిపి ఉండే అవకాశమే ఎక్కువ. మూత తర్వాత మూత ఎత్తుకుంటూ వెనక్కి వెళ్తే ఇల్లు దొరుకుతుంది. మూతికి ముందు పూడిక గుంట ఒకటి కట్టించండి, దాన్ని తీసే బండి అక్కడికి రాగలిగేలా.

చెట్టు వేర్లు, కుంగిన పైపు ఉండవని కాదు, అరుదు. కెమెరా దించితే తెలిసిపోతాయి. గట్టు అడుగున బురద రంగు ఊట కనిపిస్తే మాత్రం అది మీ రోడ్డు పని కాదు, చెరువు వాళ్లకు ఆ రోజే చెప్పండి.

తారు అన్నిటికంటే చివర. పైపులు, ఇళ్ల కనెక్షన్లు, నీళ్లు పోసి చూడటం అన్నీ అయ్యాకే. తారు వేసే ముందు రోజు మూతలు, జాలీలు లెక్కపెట్టి, ఒక్కోదానికి ఎదురుగా కర్బు మీద పెయింటు గీత పెట్టండి. మర్నాడు సాయంత్రం మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది గీత ఎదురుగా తారు కింద ఉంటుంది, వేడి ఆరకముందే తవ్వించండి.