ఎర్ర రంగు పొడి ఒంటికి, కంటికి, ఊపిరికి పడుతుందో లేదో చూసుకోవడం ఎలా?

బొబ్బిలి, విజయనగరం వైపు ఎర్ర గచ్చు పనులు చేయిస్తుంటాను. ఎక్కడికెళ్లినా ఒకటే చూస్తున్నాను, మేస్త్రీ సంచి విప్పి చిటికెడు రెడ్ ఆక్సైడ్ మోచేతి మీద రుద్దుకుని "ఏం కాదు సార్" అంటాడు. దయచేసి అలా చేయకండి. అది పరీక్ష కాదు.

కావలసినవి కొన్నే: పీహెచ్ కాగితాలు (ఆమ్లమో క్షారమో రంగు మారి చూపించేవి), బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు), గాజు గ్లాసు, చిన్న కాటా, గ్లౌజులు, కళ్లజోడు, ఎన్95 మాస్కు. గుడ్డ కట్టుకుంటే కుదరదు.

ముందు సంచి మీద పేరు కాదు, క్యాస్ (CAS) నంబరు చూడండి, ఒక్కో రసాయనానికి ఒక్కో గుర్తింపు సంఖ్య అది. 1309-37-1 అయితే ఐరన్ ఆక్సైడ్. 1314-41-6 అయితే అది రెడ్ లెడ్, అంటే సీసం, వెంటనే వాపసు ఇచ్చేయండి. దానివల్ల దురద రాకపోయినా సీసం ఒంట్లోకి చేరుతుంది.

తర్వాత సేఫ్టీ డేటా షీట్ అడగండి, సరుకు వల్ల వచ్చే ప్రమాదాలు రాసి కంపెనీ ఇచ్చే కాగితం అది. ఇవ్వని షాపులో నేను కొనను, మీరూ కొనకూడదు. 2వ భాగంలో ప్రమాదం తెలిపే కోడ్‌లు ఉంటాయి: హెచ్315 (H315) ఉంటే చర్మానికి, హెచ్319 ఉంటే కళ్లకు, హెచ్335 ఉంటే ఊపిరికి చికాకు అని అర్థం.

అందరూ తప్పు చేసేది ఒంటి మీద ప్రభావాలు రాసే 11వ భాగం దగ్గరే. అక్కడ "నో డేటా అవేలబుల్" అని ఉంటే చాలామంది "ఏమీ లేదట" అని చదువుకుంటారు. కాదు, ఎవరూ చూడలేదని దాని అర్థం. "నాట్ ఇరిటేటింగ్" అని ఉండాలి, పక్కన ఏ పరీక్షతో తేల్చారో కూడా ఉండాలి. చర్మానికి ఓఈసీడీ (OECD) అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 439వ నంబరు పరీక్ష ఉంది, ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మం పొర మీద పొడి వేసి కడిగాక 50 శాతం లేదా అంతకన్నా తక్కువ కణాలు బతికితే చికాకు పెట్టే సరుకని తేలుస్తారు. కంటికి అదే సంస్థ 492వ నంబరు పరీక్ష ఉంది. ఊపిరికి మాత్రం ఇలాంటి ఒప్పుకున్న పరీక్ష లేదు, పనిచేసినవాళ్ల దగ్గు, గొంతు మంటలే ఎక్కువగా ఆధారం. అందుకే షీట్‌లో ఆ గడి ఖాళీగా ఉన్నా మాస్కు తీయకండి.

ఇక పీహెచ్. 10 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల బ్యాటరీ వాటర్, బాగా కలిపి ఐదు నిమిషాలు ఆగి కాగితం ముంచండి. 4 నుంచి 8 మధ్య ఉండాలి. 11.5 గానీ ఆ పైన గానీ వచ్చినా, 2కి దిగినా ముట్టుకోవద్దు, చర్మాన్నీ కంటినీ కాల్చగలదు. 9, 10 వస్తే సున్నమో సిమెంటో కలిసిందని అనుమానించి నేను వాపసు ఇస్తాను. ఈ పరీక్ష సిమెంటు కలపకముందే చేయాలి. ఓసారి ఇద్దరు కూలీల వేళ్లు పగిలితే అందరూ ఎర్ర పొడినే తిట్టారు, తీరా చూస్తే తడి సిమెంటు చేసిన పని, దాని పీహెచ్ 12 దాటుతుంది.

పీహెచ్ బాగుందని కంటి విషయంలో ధీమా వద్దు. నీళ్లలో కరగని పొడి ఏదైనా కంట్లో పడితే గీరుతుంది. నలపకుండా 15 నిమిషాలు మంచి నీళ్లతో కడిగి, మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

"ఎర్రమన్నుతో గోడలు అలికాం కదా, ఇదీ అదేగా" అంటారు పెద్దవాళ్లు. రంగునిచ్చేది రెండింట్లోనూ ఐరన్ ఆక్సైడే, నిజం. కానీ ఎర్రమన్ను నీళ్లలో నానబెట్టి పూసేవాళ్లు, ఈ సంచిలోది మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నని పొడి, విప్పగానే గాల్లోకి లేస్తుంది. సంచిని నేల మీదే ఉంచి విప్పి, బక్కెట్లో నీళ్లు ముందు పోసి, పొడి తర్వాత వేయండి.