విదేశీ వాణిజ్య కార్యాలయంతో పని పడితే: దౌత్య రక్షణ ఎంతవరకు, మన బాకీకి దారి ఎటు

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ యార్డులవాళ్లు, నెల్లూరు తీరంలోని రొయ్యల ప్లాంట్లవాళ్లు, ఒంగోలు పొగాకు ఎగుమతిదారులు కొనుగోలుదారుల కోసం చెన్నైలో ఉన్న విదేశీ వాణిజ్య కార్యాలయాల మెట్లెక్కుతూనే ఉంటారు. ఇంకొందరు వాళ్లకు చెన్నైలోని తమ ఫ్లాటు అద్దెకిస్తారు, కార్లు పెడతారు, సమావేశాలకు టెంట్లు, భోజనాలు చూస్తారు, వాళ్ల దగ్గర ఉద్యోగం చేస్తారు. డబ్బు ఆగినప్పుడు మాత్రం అందరికీ వినిపించేది ఒకే మాట: "వాళ్ల మీద కేసు వెయ్యలేరండీ, దౌత్య రక్షణ ఉంటుంది." ఆ మాట నమ్మి న్యాయంగా రావాల్సిన సొమ్ము వదిలేసుకుంటున్నారు. కేసు వెయ్యొచ్చు. కాకపోతే దానికో పద్ధతుంది, ఆ పద్ధతికి కావాల్సిన కాగితాలు సంతకాల రోజునే తయారవ్వాలి.

ముందు ఆ ఆఫీసు ఏ రకమో తేల్చుకోండి

బోర్డు మీద "ట్రేడ్ ఆఫీస్" అని ఉన్నంత మాత్రాన రక్షణ రాదు. ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో భాగంగా పనిచేసే వాణిజ్య విభాగానికి రక్షణ ఉంటుంది. ఎంబసీవాళ్లకు 1961 వియన్నా ఒప్పందం వర్తిస్తుంది, దాన్ని మన దేశంలో అమలు చేసేది 1972 నాటి దౌత్య సంబంధాల చట్టం. కాన్సులేట్లకు 1963 వియన్నా ఒప్పందం వేరే ఉంది, అందులో రక్షణ తక్కువ. విదేశీ ప్రభుత్వం పెట్టిన వాణిజ్య ప్రోత్సాహక సంస్థలు రెండో రకం. వీటి హోదా ఆ దేశంతో మన ప్రభుత్వం చేసుకున్న ఏర్పాటును బట్టి ఉంటుంది. ఉదాహరణకు తైవాన్‌తో మనకు అధికారిక దౌత్య సంబంధాలు లేవు, అయినా తైపీ ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ 1995 నుంచి ఢిల్లీలో, 2012 నుంచి చెన్నైలో పనిచేస్తోంది. ఇలాంటి ఆఫీసుకు ఏ మేరకు రక్షణ ఉందో పేరు చూసి చెప్పలేం. మూడో రకం విదేశీ కంపెనీల లయజన్ (సంప్రదింపుల) ఆఫీసులు, ప్రైవేటు చాంబర్లు. వీటికి ఏ రక్షణా లేదు. మనవాళ్లకు ఎక్కువగా తగిలేవీ, "మాకు డిప్లమాటిక్ హోదా ఉంది" అన్నట్టు ఎక్కువగా కనిపించేవీ ఇవే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో మన దేశంలోని విదేశీ మిషన్ల (ఎంబసీలు, కాన్సులేట్ల) జాబితా ఉంటుంది, అందులో వెతకండి. అధికారికి విదేశాంగ శాఖ ప్రొటోకాల్ విభాగం ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందేమో అడగండి. కంపెనీ లయజన్ ఆఫీసైతే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో పేరు కొడితే ఎఫ్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. అది కనిపించిందంటే అవతల ఉన్నది మామూలు విదేశీ కంపెనీ. పైగా లయజన్ ఆఫీసు ఇక్కడ వ్యాపారం చేసి ఆదాయం సంపాదించకూడదు. మాట్లాడటం, పరిచయం చేయడం వరకే దాని పని. కాబట్టి కొనుగోలు ఆర్డరు మీద ఆ ఆఫీసు ముద్ర ఒక్కటే ఉంటే సరుకు ఎక్కించకండి, విదేశంలోని మాతృ కంపెనీ సంతకం అడగండి.

గౌరవ కాన్సుల్‌ల సంగతి విడిగా చెప్పాలి. వీళ్లలో చాలామంది మన ఊళ్ల వ్యాపారులే. కాన్సుల్‌గా చేసే అధికారిక పనికి మాత్రమే వీళ్లకు రక్షణ. సొంత వ్యాపారంలో వాళ్లు బాకీ పడితే మిగతా వ్యాపారుల మీద ఎలా దావా వేస్తామో వాళ్ల మీదా అలాగే వేయొచ్చు.

ఒక దశకు వచ్చాక ఫలానా వ్యక్తికి రక్షణ ఉందా లేదా అన్న వివాదం కోర్టులో తలెత్తితే, విదేశాంగ శాఖ కార్యదర్శి అధికారంతో జారీ అయిన ధ్రువపత్రంలో ఉన్న వాస్తవమే తుది సాక్ష్యం. అవతలివాళ్ల విజిటింగ్ కార్డుకు, లెటర్‌హెడ్‌కు ఆ విలువ లేదు.

పరిచయం చేసినవాళ్లు వేరు, కొన్నవాళ్లు వేరు

వాణిజ్య కార్యాలయం కొనుగోలుదారుణ్ని చూపిస్తుంది. ఒప్పందం మీకూ ఆ కొనుగోలుదారుకూ మధ్యే. గ్రానైట్ బ్లాకులు రేవు దాటాక "నాణ్యత బాగాలేదు" అని అవతలివాళ్లు డబ్బు ఆపితే ఆ కార్యాలయం బాధ్యత వహించదు. అలాగని కార్యాలయానికున్న రక్షణ కొనుగోలుదారు కంపెనీకి అంటుకోదు కూడా. ఆ కంపెనీ మీద మామూలుగానే ఆర్బిట్రేషన్‌కో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకో) కోర్టుకో వెళ్లొచ్చు. కొత్త కొనుగోలుదారైతే, వెనక్కి తీసుకోలేని బ్యాంకు చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) లేకుండా, లేదా ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) బీమా లేకుండా కంటైనరు కదిలించడం తప్పు. విదేశీ అధికారి స్వయంగా పరిచయం చేశాడన్నది హామీ కాదు.

సంతకం పెట్టే రోజు

అసలు కష్టమంతా ఇక్కడే తప్పించుకోవచ్చు, అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

మొదట ఒప్పందంలో రెండో పార్టీ పేరు. "వాణిజ్య అధికారి శ్రీ ఫలానా" అని రాస్తే, రేపు ఆయన బదిలీ అయి వెళ్లిపోయాక మీ చేతిలో ఉండేది ఒక మనిషి పేరు. "ఫలానా దేశ ప్రభుత్వం, చెన్నైలోని తన కాన్సులేట్ ద్వారా" అని రాయించండి. సంతకం చేసేవారికి ఆ అధికారం ఇస్తూ పై అధికారి రాసిన లేఖ జతచేయించండి.

రెండోది రక్షణ వదులుకునే క్లాజు. 1961 వియన్నా ఒప్పందం 32వ అధికరణం ప్రకారం రక్షణ వదులుకోవడం స్పష్టంగా మాటల్లో ఉండాలి. ఇంకా, కోర్టు విచారణకు ఒప్పుకున్నంత మాత్రాన తీర్పు అమలుకు ఒప్పుకున్నట్టు కాదు, దానికి వేరే ఒప్పుకోలు కావాలి. చాలా ఒప్పందాలు చివర్లో ఎందుకూ పనికిరాకుండా పోయేది ఈ రెండో వాక్యం లేకే. ఇలా రాయించండి: "ఈ ఒప్పందం నుంచి వచ్చే వివాదాలపై విచారణకు సంబంధించిన రక్షణను విదేశీ ప్రభుత్వం వదులుకుంటోంది. తీర్పు లేదా ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి తీర్పు) అమలుకు సంబంధించిన రక్షణను కూడా విడిగా వదులుకుంటోంది."

మూడోది ఆర్బిట్రేషన్ క్లాజు, స్థానం చెన్నై అని. ఢిల్లీలోని అఫ్గానిస్తాన్ ఎంబసీ భవనం పనుల కాంట్రాక్టు వివాదంలో ఢిల్లీ హైకోర్టు 2021లో ఒక కీలకమైన తీర్పు ఇచ్చింది: వాణిజ్య ఒప్పందం మీద వచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డును విదేశీ ప్రభుత్వం మీద అమలు చేయడానికి కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదని. చిన్న కాంట్రాక్టరుకు ఇంతకన్నా మేలైన క్లాజు లేదు.

నాలుగోది అడ్వాన్సు. సగం ముందు, మిగతాది పని విడతలవారీగా. వీళ్ల చెల్లింపులు చాలాసార్లు వాళ్ల రాజధాని ఆమోదం మీద ఆధారపడతాయి. పని మొత్తం అయ్యాక ఒకేసారి బిల్లు పెడితే ఆలస్యమంతా మీ నెత్తిన పడుతుంది.

ఫ్లాటు అద్దెకిచ్చేవాళ్లకు

ఇంటిపన్ను గురించి చాలామంది పొరబడతారు. మిషన్ ఆవరణకు పన్ను మినహాయింపు ఉన్నా, మిషన్‌తో ఒప్పందం చేసుకున్న యజమాని కట్టాల్సిన పన్నుకు అది వర్తించదని రెండు వియన్నా ఒప్పందాలూ చెబుతున్నాయి. ఆస్తిపన్ను మీదే, అద్దె మీద ఆదాయపు పన్నూ మీదే. నీళ్లు, కరెంటు లాంటి వాడకం చార్జీలకు వాళ్లకూ మినహాయింపు లేదు, ఆ చార్జీలు వాళ్ల పేరునే ఉంటాయని ఒప్పందంలో రాయండి.

అద్దె ఆగితే తాళం వేయడం, పోలీసును వెంటబెట్టుకుని వెళ్లడం లాంటివి చేయకండి. ఎంబసీ ఆవరణలోకి, కాన్సులేట్‌లో ఆఫీసు పనికి వాడే భాగంలోకి వాళ్ల అనుమతి లేకుండా మన అధికారులు అడుగు పెట్టకూడదు. ఆరు నెలల అద్దె డిపాజిట్‌గా తీసుకోవడం ఇక్కడ అత్యాశ కాదు. గడువు 11 నెలలు దాటితే లీజు రిజిస్టరు చేయించండి, రేపు దావాకు కేంద్రం అనుమతి కోరాల్సి వస్తే ఆ దరఖాస్తుకు అదే మొదటి కాగితం.

బిల్లులో జీఎస్‌టీ

"మాకు టాక్స్ లేదు" అని వాళ్లంటే నమ్మి పన్ను వదిలేసినవాళ్లు తర్వాత సొంత జేబులోంచి కట్టారు. మిషన్‌కు ఉన్నది పన్ను కట్టి తర్వాత వాపసు తీసుకునే హక్కు. అమ్మినవాడు పన్ను పూర్తిగా వసూలు చేయాల్సిందే. సమావేశానికి టెంటు, స్టేజీ, మైకు పెట్టి ₹1,00,000 బిల్లు వేశారనుకోండి. 18 శాతంతో ₹1,18,000 తీసుకోవాలి. వదిలేస్తే ఆ ₹18,000 శాఖ మిమ్మల్నే అడుగుతుంది.

వాళ్ల దగ్గర 15 అక్షరాల యూఐఎన్ (మిషన్లకు జీఎస్‌టీ కింద ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉంటుంది. ముందే అడిగి, జీఎస్‌టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారు వెతుకులాటలో కొట్టి, పేరు సరిపోయిందో లేదో చూడండి. బిల్లులో కొనుగోలుదారు నంబరు ఉండే చోట ఆ యూఐఎన్ రాయండి. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో రిజిస్టర్డ్ వ్యాపారికి అమ్మినట్టు, బిల్లు వారీగా చూపించండి. చిల్లర అమ్మకాల్లో కలిపేస్తే వాళ్లకు వాపసు రాదు. వాపసు రాకపోతే వాళ్ల అకౌంట్స్ విభాగం మీ తర్వాతి బిల్లు ఆపేస్తుంది. డబ్బు ఎందుకు ఆగిందో మీకు ఎవరూ చెప్పరు కూడా.

అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్లు

విదేశీ ట్రేడ్ కమిషనర్ జీతానికి మన దేశంలో మినహాయింపు రావాలంటే, వాళ్ల దేశంలో మన అధికారికీ అలాంటి మినహాయింపు ఉండాలి. అది ఆ అధికారి సంగతి. ఆయన కింద పనిచేసే భారతీయ ఉద్యోగికి ఏ మినహాయింపూ లేదు. జీతంలో టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని కాదు. సంవత్సరానికి పన్ను ₹10,000 లేదా అంతకు మించితే అడ్వాన్స్ టాక్స్ మీరే కట్టాలి: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం. డ్రైవర్లు, సెక్యూరిటీవాళ్లు ఏజెన్సీ ద్వారా చేరితే యజమాని ఆ ఏజెన్సీయే. పీఎఫ్ జమ కాకపోతే ఏజెన్సీ మీద పీఎఫ్ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి, అక్కడ దౌత్య రక్షణ మాటే రాదు.

బాకీ నిజంగా ఆగిపోతే

ముందు మిషన్ అధిపతికి రాతపూర్వకంగా, బిల్లులు జతచేసి, రసీదు ఉండేలా పంపండి. అయినా కదలకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ దారి. విదేశీ ప్రభుత్వం మీద దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి, కార్యదర్శి సంతకంతో ధ్రువపత్రం రూపంలో ఉండాలి. అది లేకుండా వేసిన దావా నిలవదు. మీ ఒప్పందంలో రక్షణ వదులుకునే క్లాజు ఉన్నా ఈ అనుమతి తీసుకోవాల్సిందే, అనుమతి ఇవ్వడానికి ఆ క్లాజు ఒక ఆధారం అవుతుంది.

చట్టం ఒప్పుకునే ఆధారాలు నాలుగు: ఆ ప్రభుత్వమే మీ మీద దావా వేసి ఉండటం, ఆ కోర్టు పరిధిలో వ్యాపారం చేస్తుండటం, ఆ పరిధిలో స్థిరాస్తి ఆధీనంలో ఉండి వివాదం దాని గురించే కావడం, రక్షణ వదులుకోవడం. వీటిలో ఏది మీకు వర్తిస్తుందో దరఖాస్తు మొదటి పేజీలోనే రాయండి. ఆ ప్రభుత్వం వ్యాపారమూ ఆస్తీ చెన్నైలో ఉంటే చెన్నై కోర్టు పేరే పెట్టండి. సరఫరాదారుడి ఊరు నెల్లూరు కాబట్టి నెల్లూరు కోర్టు అంటే దరఖాస్తు అక్కడే బలహీనపడుతుంది.

దరఖాస్తు ఢిల్లీలోని విదేశాంగ శాఖ కార్యదర్శికి. ఒప్పందం, బిల్లులు, డెలివరీ చలాన్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉత్తర ప్రత్యుత్తరాలు, వేయబోయే దావా నమూనా ప్రతి, అన్నీ పేజీ నంబర్లతో. డబ్బు దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. అనుమతి కోసం పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ మినహాయిస్తుంది, దరఖాస్తు పెట్టిన రోజు, ఉత్తర్వు అందిన రోజుతో సహా. అందుకే పంపిన తేదీ రుజువు, ఉత్తర్వు వచ్చిన కవరు పారేయకండి.

అనుమతి తిరస్కరించే ముందు మీ వాదన వినాలని 86వ సెక్షనే చెబుతోంది. వినకుండానో, కారణం చెప్పకుండానో తిరస్కరిస్తే హైకోర్టులో రిట్ వేయండి. అల్జీరియా ఎంబసీకి మరమ్మతు పనులు చేసి బిల్లు రాని కాంట్రాక్టరు హర్భజన్ సింగ్ ఢల్లా కేసులో సుప్రీంకోర్టు 1986లో, అనుమతి విషయం మళ్లీ పరిశీలించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసులో, వినియోగదారుల ఫోరంలో వేసే ఫిర్యాదుకు 86వ సెక్షన్ అడ్డు రాదని చెప్పింది. విదేశీ ప్రభుత్వ సంస్థ సరుకు రవాణాలో నష్టం చేస్తే ఆ రెండో దారి గుర్తుంచుకోండి.

వేరే దేశంలో చట్టం మారిందని వార్త వస్తే

అమెరికాలో హాంకాంగ్ ఆర్థిక వాణిజ్య కార్యాలయాలు వాషింగ్టన్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో ఉన్నాయి. వాటికి 1997 అధ్యక్ష ఉత్తర్వుతో రక్షణలు వచ్చాయి. ఆ రక్షణలు కొనసాగాలో వద్దో అధ్యక్షుడు తేల్చి చెప్పాలని, వద్దంటే కార్యాలయాలు మూసేయాలని చెప్పే బిల్లును 2024 సెప్టెంబరులో అక్కడి ప్రతినిధుల సభ ఆమోదించింది. ఇలాంటి వార్త చూసి హాంకాంగ్ కొనుగోలుదారుతో ఒప్పందం రద్దయిపోతుందేమోనని కంగారు పడనక్కర్లేదు. అది అమెరికాలోని ఆ కార్యాలయాల హోదాకు సంబంధించింది. మీ ఒప్పందం, ఎల్‌సీ, సుంకం రేటు దానితో మారవు. మన దేశంలోని కార్యాలయాలకు మన చట్టం, మన విదేశాంగ శాఖ మాటే వర్తిస్తాయి.

హైవే మీద ప్రమాదం జరిగితే

16వ నంబరు హైవే మీద నీలం ప్లేటు కారు గుద్దితే ప్లేటు మీది అక్షరాలు ఫొటో తీయండి: సీడీ అంటే దౌత్య వాహనం, సీసీ అంటే కాన్సులేట్ వాహనం. కాన్సులర్ అధికారికి వాహన ప్రమాదంలో మూడో వ్యక్తికి జరిగిన నష్టంపై సివిల్ కేసులో రక్షణ లేదని 1963 ఒప్పందమే చెబుతోంది. డ్రైవరు ఎవరైనా సరే, దగ్గరి పోలీస్‌స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాయించండి, బండి బీమా పాలసీ నంబరు తీసుకోండి. నష్టపరిహారం కోసం బీమా కంపెనీని పార్టీగా చేర్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు నెల్లూరు లేదా ఒంగోలు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయండి.