వీడియో ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్: ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత?

ల్యాప్‌టాప్‌ల వివరాలను పోల్చి చూడటానికి ముందు, మీరు తరచుగా ఎడిట్ చేసే వీడియోల్లో ఒకదాని వివరాలు తెలుసుకోవడం మంచిది. దాని రిజల్యూషన్ ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, బిట్‌రేట్ (సెకను వీడియోకు పట్టే డేటా) ఎంత, ఏ కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతిలో) ఉంది అన్న నాలుగు సంగతులు తెలిస్తే, ఎంత ర్యామ్, ఎంత స్టోరేజ్ కావాలో చాలావరకు తేలిపోతుంది. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ భాగంలో వీటిలో కొన్ని కనిపిస్తాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అన్నింటినీ ఒకేచోట చూపిస్తుంది.

ముందుగా ర్యామ్ సంగతి చూద్దాం. కెమెరా ఫైలు డిస్క్ మీద కుదించిన రూపంలో ఉంటుంది కాబట్టి చిన్నదిగానే కనిపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తెర మీద చూపాలంటే మాత్రం ప్రతి ఫ్రేమునూ విప్పి మెమరీలో పెట్టుకోవాలి. 3840 × 2160 కొలత గల 4కె ఫ్రేములో సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున లెక్కవేస్తే ఒక ఫ్రేముకు 33 ఎంబీ, సెకనుకు 30 ఫ్రేములుండే వీడియోలో ఒక్క సెకనుకే దాదాపు 1 జీబీ అవుతుంది. రంగుల దిద్దుబాటులో ఖచ్చితత్వం కోసం పిక్సెల్‌కు 16 బైట్లు వాడినప్పుడు ఇది నాలుగింతలకు పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ వీడియో మొత్తాన్ని ఒకేసారి ఇలా విప్పదు. కానీ మీరు చూస్తున్న చోటికి ముందూ వెనుకా ఉన్న ఫ్రేములను, ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలను, ఎఫెక్టుల ఫలితాలను సిద్ధంగా ఉంచుకోవాలంటే చోటు కావాలి. ఆ చోటు చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి తరలిస్తుంది. ఎంత వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే డిస్క్) అయినా ర్యామ్ కంటే చాలా నెమ్మది కాబట్టి, అక్కడి నుంచి ప్రివ్యూ ఆగి ఆగి నడవడం మొదలవుతుంది.

ఈ లెక్క ప్రకారం చూస్తే, 8 జీబీతో చిన్న చిన్న హెచ్‌డీ క్లిప్పులను కత్తిరించి అతికించవచ్చు గానీ, అంతకు మించి ఆశించకూడదు. హెచ్‌డీ పని హాయిగా సాగడానికి 16 జీబీ, 4కె పనికి 32 జీబీ అవసరమని భావించడం సబబు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారీదారులు సిఫారసు చేసే అంకెలు కూడా ఇవే. డావిన్చీ రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యూజన్ అనే భాగంలోని ఎఫెక్టులు వాడేవారికీ 32 జీబీ కావాలి. 64 జీబీ అనేది 8కె వీడియోలకు, బరువైన మోషన్ గ్రాఫిక్స్‌కు పనికొస్తుంది; మిగిలినవారు ఆ ఖర్చును స్టోరేజ్ వైపు మళ్లించుకోవచ్చు.

అంకె కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ ర్యామ్‌ను తర్వాత పెంచుకోవచ్చా? పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. ఆపిల్ చిప్ గల మ్యాక్‌బుక్‌లలో అది ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. ఇటువంటి యంత్రంలో కొన్న రోజు ఎంత ఉందో చివరి వరకూ అంతే. పైగా గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ లేని యంత్రాలలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌లో వాటా తీసుకుంటుంది కాబట్టి, 16 జీబీ అని రాసి ఉన్నా ఎడిటింగ్‌కు దక్కేది అంతకంటే తక్కువ. విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే, 4కె కోసం దానికి కనీసం 6 జీబీ సొంత మెమరీ ఉండేలా చూసుకోండి. ర్యామ్ మార్చుకునే వీలున్న మోడల్ అయితే 16 జీబీతో మొదలుపెట్టినా నష్టం లేదు. కాకపోతే రెండు స్లాట్లలో రెండు సమానమైన మాడ్యూళ్లు ఉన్నప్పుడే పూర్తి వేగం అందుతుంది.

ఇప్పుడు స్టోరేజ్. ఇక్కడ ఊహించనక్కరలేదు, భాగహారం చాలు. మీ కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుందనుకుందాం. 8తో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ, అంటే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. అదే వీడియోను ప్రోరెస్ 422 అనే, ఎడిటింగ్‌కు అనువైన తక్కువగా కుదించే కోడెక్‌లోకి మార్చుకుని ఎడిట్ చేసేవారికి, సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో గంటకు సుమారు 265 జీబీ తీసుకుంటుంది. అసలు వీడియోకు తోడు ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగ్ సులువు కోసం చేసుకునే చిన్న నకళ్లు), క్యాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు), తయారైన వీడియో ప్రతులు కూడా చేరతాయి కాబట్టి, నడుస్తున్న ప్రాజెక్టుల పరిమాణానికి కనీసం రెండింతల ఖాళీ ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం.

512 జీబీ డిస్క్‌ను విండోస్ 476 జీబీగా చూపిస్తుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్ల భాగం తీసివేసి, ఎస్‌ఎస్‌డీ వేగం తగ్గకుండా ఐదో వంతు ఖాళీగా వదిలేస్తే, ఒక మోస్తరు 4కె ప్రాజెక్టుకే ఇరుకవుతుంది. అందుకే లోపలి డిస్క్ 1 టీబీ ఉండటం, వీలైతే ఇంకో ఎస్‌ఎస్‌డీ అమర్చుకునే ఎం.2 స్లాట్ ఒకటి ఖాళీగా ఉండటం మేలు.

డిస్క్ వేగం విషయంలో మాత్రం ప్రకటనల మోజులో పడనవసరం లేదు. సెకనుకు 3,500 ఎంబీ చదివే ఎన్‌వీఎమ్‌ఈ (వేగవంతమైన రకం ఎస్‌ఎస్‌డీ) డిస్క్‌కూ 7,000 ఎంబీ చదివేదానికీ మధ్య తేడా, సెకనుకు 12.5 ఎంబీ చొప్పున వచ్చే క్లిప్పులను మూడు నాలుగు వరుసల్లో నడిపేటప్పుడు కంటికి కనిపించదు. పెద్ద ఫైళ్లను కాపీ చేసేటప్పుడే అది తెలుస్తుంది. చవకరకం డిస్క్‌లు మొదట వేగంగా రాసి, డిస్క్‌లోని వేగవంతమైన క్యాష్ భాగం నిండగానే బాగా నెమ్మదిస్తాయి. గంటల కొద్దీ వీడియోను ఒకేసారి ఎక్కించేవారు గమనించవలసింది దీన్ని.

ర్యామ్ పెంచలేని యంత్రానికైనా స్టోరేజ్‌ను బయటి నుంచి జోడించవచ్చు. కాబట్టి బడ్జెట్ రెండింటికీ చాలనప్పుడు ముందు ర్యామ్‌కే ఖర్చు పెట్టండి. బయటి ఎస్‌ఎస్‌డీ మీద నేరుగా ఎడిట్ చేయడానికి సెకనుకు 5 గిగాబిట్ల యూఎస్‌బీ పోర్టు కూడా సాధారణంగా సరిపోతుంది. అయితే టైప్-సి ఆకారం చూసి వేగాన్ని నిర్ధారించుకోకండి: ఛార్జింగ్ కోసం ఇచ్చే చాలా టైప్-సి కేబుళ్లు యూఎస్‌బీ 2.0 వేగానికే, అంటే సెకనుకు 480 మెగాబిట్లకే పరిమితం. పాత ప్రాజెక్టులను హార్డ్ డిస్క్ మీదికి తరలించి దాచుకోవచ్చు. నడుస్తున్న పనికి మాత్రం రెండో ప్రతి వేరే డిస్క్‌లో ఉండాలి.

కొన్న తర్వాత, వాపసు ఇచ్చే గడువు ముగిసేలోగా, మీ ప్రాజెక్టులలో అన్నింటికంటే బరువైనదాన్ని అందులో తెరిచి అరగంట పనిచేయండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీ ఎంత ర్యామ్ వాడుకలో ఉందో, ఎన్ని స్లాట్లు నిండాయో చూపిస్తుంది. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లోని మెమరీ ప్రెషర్ గ్రాఫ్ ఆకుపచ్చగా ఉంటే చింత లేదు. అది పసుపు దాటి ఎరుపులోకి వెళుతూ ఉంటే, అంతకంటే ఎక్కువ ర్యామ్ గల మోడల్‌కు మార్చుకోండి.