పడవ ట్రైలర్ హబ్‌లోకి నీళ్లు చేరకుండా, లైట్లు ఆరిపోకుండా చూసుకోవడం ఎలా?

అంతర్వేది, యానాం వైపు రేవుల్లో ట్రైలర్ దించేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది హబ్, అంటే చక్రం మధ్యలో బేరింగ్‌లు కూర్చునే భాగం. రోడ్డు మీద వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. అలాగే ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, ఆయిల్ సీల్ (గ్రీజు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) అంచు పక్క నుంచి ఉప్పునీటిని లోపలికి లాగేస్తుంది. పోటు తీసేస్తోందని తొందరపడకండి. హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడి పూర్తిగా తగ్గాకే దించండి. చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంటే బేరింగ్ మరీ బిగువుగా ఉన్నట్టు, లేదా గ్రీజు అయిపోయినట్టు.

జాకీ మీద ఎత్తి చక్రం తిప్పండి. గరగరమన్నా, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమన్నా హబ్ విప్పాలి. గ్రీజు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయన్నమాట. దాని మీదే కొత్త గ్రీజు కొట్టడం దండగ. బేరింగ్‌ను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. రోలర్ల మీద గుంటలు కనిపిస్తే బయటి కప్పుతో సహా సెట్టు మొత్తం మార్చండి. నీటిని తట్టుకునే గ్రీజును అరచేతిలో వేసుకుని, బేరింగ్ వెడల్పు వైపు నుంచి అవతలికి వచ్చేదాకా నొక్కండి. రెండు రకాల గ్రీజులు కలపొద్దు. సీల్ ప్రతిసారీ కొత్తదే, రెండు పెదాలదే (డబుల్ లిప్, అంటే రెండు అంచులున్నది) వేయండి. యాక్సిల్ మీద సీల్ కూర్చునే చోట తుప్పు గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా ఆగదు. చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, పూర్తిగా వదులు చేసి, వేళ్లతో మాత్రమే మళ్లీ బిగించండి. నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి.

కొత్త హబ్ కొనేటప్పుడు గాల్వనైజ్డ్‌ది (జింకు పూత ఉన్నది) చూడండి. బేరింగ్ నంబరు రాజమండ్రి, కాకినాడ షాపుల్లో దొరికేదై ఉండాలి, ఇది ధర కన్నా ముఖ్యం.

లైట్లకు పూర్తిగా సీలు చేసిన ఎల్‌ఈడీలే మేలు. కారు, జీపు 12 వోల్టులు, లారీ 24. లైటు మీద అది చూసి కొనండి. తకరారు ఎక్కువగా ఎర్త్‌లోనే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలోనే వస్తుంది. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా మిణుకుమంటే ముందు ఎర్త్ చూడండి. ఫ్రేమును, హిచ్ బాలును (ట్రైలర్‌ను బండికి తగిలించే గుండును) నమ్ముకోకుండా ప్రతి లైటుకూ తెల్ల వైరును నేరుగా ప్లగ్గు దాకా లాగండి. 12 వోల్టుల 7 పిన్నుల ప్లగ్గులో ఎర్త్ 3వ పిన్ను. వైరు తగరం పూత రాగిది తీసుకోండి, జాయింట్లకు లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయండి. నీళ్లలోకి దించే ముందు ప్లగ్గు పీకేయండి. మామూలు బల్బైతే వేడి గాజు చల్లనీళ్లు తగిలి పగులుతుంది.

బయటికి తీశాక హబ్‌లు, లైట్లు మంచినీళ్లతో కడగండి. ధవళేశ్వరం ఆనకట్టకు పైన తిరిగే ట్రైలర్‌కు ఏడాదికోసారి గ్రీజు మారిస్తే సరిపోతుంది, ఉప్పునీటి వైపైతే ఆరు నెలలకోసారి. గ్రీజు నింపి సిద్ధం చేసిన హబ్ ఒకటి, స్ప్లిట్ పిన్నులు, జాకీ బండిలో ఉండాలి.