వీఎంలను వేరే సబ్‌నెట్‌లో పెట్టి రూటింగ్ చేయడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి నెలకి ఒక్కరైనా లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వస్తారు. “అన్నా, వీఎం నుంచి పింగ్ పోవట్లేదు.” వీఎం అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, దాన్ని మోసే అసలు మెషీన్ హోస్ట్. పింగ్ అంటే ‘ఉన్నావా’ అని అడిగే చిన్న ప్యాకెట్. పింగ్ పోతూనే ఉంటుంది. తిరిగి రావడానికే దారి ఉండదు.

ముందు సబ్‌నెట్, అంటే ఒకే గుంపుగా ఉండే అడ్రస్‌ల వరస. ఇంటి వైఫై 192.168.1.0/24 అనుకుంటే, వీఎంలకు 192.168.50.0/24 ఇవ్వండి. 10తో మొదలయ్యేవి వద్దు, ఆఫీసు వీపీఎన్ కలపగానే గొడవ. 172.17ని డాకర్ అనే కంటైనర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా వాడుకుంటుంది. రౌటర్‌లో అడ్రస్ రిజర్వ్ చేసి హోస్ట్‌కి 192.168.1.50 ఖాయం చేయండి. వర్ట్-మేనేజర్‌లో (లినక్స్‌లో వీఎంలు నడిపే ప్రోగ్రాం) కొత్త నెట్‌వర్క్‌కి ‘రూటెడ్’ మోడ్ పెట్టండి. బ్రిడ్జికి (వీఎంలన్నీ తగిలే హోస్ట్‌లోని సాఫ్ట్‌వేర్ స్విచ్) 192.168.50.1, వీఎంలకు అదే గేట్‌వే, అంటే బయటికి పోయే ద్వారం.

“హోస్ట్ కార్డుకే బ్రిడ్జి వేస్తే సరిపోదా?” అంటారు. కేబుల్ ఉంటే వేసుకోండి. మన పీజీల్లో అందరిదీ వైఫై. కనెక్టయిన కార్డు మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ నంబరు) తప్ప వేరేది వస్తే యాక్సెస్ పాయింట్ మామూలుగా ఒప్పుకోదు. నాట్ (వీఎంలన్నీ హోస్ట్ అడ్రస్ వెనక దాక్కోవడం) అంటారా, బయటి నుంచి వీఎంలోకి రావాలంటే పోర్టుకొక చిట్టా రాసుకోవాలి. నాకు ఆ ఓపిక లేదు.

ఒక నెట్‌వర్క్ ప్యాకెట్లు ఇంకోదానికి దాటించడానికి హోస్ట్‌లో నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ విలువ 1 చేయండి. కమాండ్ కొట్టి వదిలేయకుండా సిస్‌సీటీఎల్ ఫైల్లో రాయండి. ఓసారి వానకి కరెంటు పోయి వచ్చాక మూడు గంటలు తల పట్టుకున్నాను. ఆ 1 కాస్తా 0 అయి కూర్చుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు. హోస్ట్ వైఫై కార్డు మీద టీసీపీడంప్ (వచ్చేపోయే ప్యాకెట్లు చూపే కమాండ్) పెట్టి, వీఎం నుంచి అదే వైఫైలో ఉన్న ఇంకో లాప్‌టాప్‌కి పింగ్ కొట్టండి. ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్... ఒక్క రిప్లై ఉండదు. లాప్‌టాప్ జవాబిస్తూనే ఉంది. కానీ 192.168.50 ఎక్కడుందో దానికి తెలియదు కాబట్టి రౌటర్‌కి అప్పజెప్పింది. రౌటర్‌కీ తెలియదు. అందుకే రౌటర్‌లో స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసే దారి) రాయాలి: గమ్యం 192.168.50.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.50. గేట్‌వే దగ్గర 192.168.50.1 రాసేవాళ్లే ఎక్కువ. అలా రాయకండి! ఆ అడ్రస్‌కి దారి తెలియకే కదా ఈ తిప్పలన్నీ.

ఇంతటితో పింగ్ వస్తుంది, అందరూ చప్పట్లు కొట్టేసి పోతారు. తర్వాత ఎస్ఎస్‌హెచ్ (వీఎంలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేది) వేలాడుతుంది. ఎందుకంటే లాప్‌టాప్ పంపేది రౌటర్ మీదుగా పోతుంది, వీఎం జవాబు మాత్రం హోస్ట్ నుంచి సూటిగా లాప్‌టాప్‌కి వస్తుంది. సంభాషణలో సగమే విన్న రౌటర్ ఫైర్‌వాల్ కొన్నిసార్లు అనుమానపడి మిగతా ప్యాకెట్లు పారేస్తుంది. ఫైర్‌వాల్ ఆపేయకండి. అదే రూట్ లాప్‌టాప్‌లో కూడా రాయండి. లినక్స్‌లో ‘ఐపీ రూట్ యాడ్ 192.168.50.0/24 వయా 192.168.1.50’. విండోస్‌లో ‘రూట్ -పి యాడ్’. ఆ ‘-పి’ లేకపోతే రీబూట్‌కి ఎగిరిపోతుంది. ఆపరేటర్ ఇచ్చిన రౌటర్‌లో స్టాటిక్ రూట్ మెనూ దాచేసి ఉంటే లాప్‌టాప్‌లో రాసింది ఒక్కటే దిక్కు.

వీఎంకి ఇంటర్నెట్ రాకపోతే, రౌటర్ వేరే సబ్‌నెట్‌కి నాట్ చేయట్లేదేమో. హోస్ట్‌లో మాస్కరేడ్ (హోస్ట్ అడ్రస్‌తో నాట్) పెట్టండి, 192.168.1.0/24కి పోయేది మాత్రం వదిలేసి. అదే హోస్ట్‌లో డాకర్ ఉంటే ఫైర్‌వాల్ ఫార్వర్డ్ పాలసీ కూడా చూడండి, డాకర్ దాన్ని ‘డ్రాప్’ చేసి పెడుతుంది, అంటే దాటాల్సిన ప్యాకెట్లు పారేస్తుంది.

చివరగా లాప్‌టాప్ నుంచి వీఎంకి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ పోయే దారి చూపే కమాండ్) కొట్టండి. మొదట 192.168.1.50, తర్వాత వీఎం. మధ్యలో 192.168.1.1 (రౌటర్) కనబడిందంటే లాప్‌టాప్‌లో రూట్ రాయలేదన్నమాట.